టీకా సీసాలో పటిక

పిల్లలూ! వానాకాలంలో చెరువులోకి, వాగులోకి కొత్త నీరు వచ్చినప్పుడు బిందెలో నీళ్ళు ఎర్రమట్టి కలిపినట్లు ఉంటాయి. ఒక పూటంతా కదపకుండా ఉంచినా తేటపడవు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేసేవారో తెలుసా? పటిక ముక్కను చేత్తో పట్టుకొని నీళ్ళలో నాలుగు చుట్లు తిప్పి తీసేసేవారు. కాసేపటికి మట్టి అంతా మేఘాల వలె ముద్దలు కట్టి అడుగుకు దిగిపోయేది. పైన తేట నీరు నిలిచేది. మంగలి అంగడిలో గడ్డం గీసిన తరువాత రుద్దే రాయి కూడా ఈ పటికే. పటికబెల్లం కాదు సుమా! అది తినేది, ఇది తినరాదు.

ఈ పటికకు దగ్గర చుట్టమైన ఒక పదార్థం మీ అందరి ఒంట్లోకీ ఎప్పుడో ఒకప్పుడు సూది ద్వారా వెళ్ళింది. పుట్టిన రోజున వేసే హెపటైటిస్ బి టీకాలో, 6, 10, 14 వారాల వయసులో వేసే పెంటావాలెంట్ టీకాలో, 10వ ఏట, 16వ ఏట వేసే టి.డి. టీకాలో ఇది ఉంటుంది. రోగాన్ని ఆపే సూదిమందులో నీళ్ళు తేర్చే పదార్థానికి ఏం పని? అది టీకాకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఈ సంగతులు తెలుసుకుందాం.

ఇంటికి వచ్చిన కొత్త మనిషి

టీకా అంటే శరీరానికి ఇచ్చే ముందస్తు పరిచయం. రోగక్రిమిలోని ఒక భాగాన్నో, చంపిన క్రిమినో, బలహీనపరచిన క్రిమినో లోపలికి పంపుతాం. దానిని గుర్తుపట్టి, దానికి సరిపోయే ప్రతిరక్షకాలను శరీరం తయారు చేసుకుంటుంది. ఇలా శరీరం చేత ప్రతిరక్షకాలను తయారు చేయించే పదార్థాన్ని ప్రతిజనకం అంటారు. చాలా ప్రతిజనకాలు మాంసకృత్తులే, అనగా ప్రోటీన్లే.

చంపినదైనా సరే, పూర్తి క్రిమి లోపలికి వెళ్తే శరీరం ఉలిక్కిపడుతుంది. క్రిమి పైపొరలో, దాని లోపలి పదార్థాలలో ప్రమాదాన్ని తెలిపే గుర్తులు చాలా ఉంటాయి. కాని శుద్ధి చేసిన ఒక్క ప్రోటీను మాత్రమే వెళ్తే? ఊళ్ళోకి ఒక కొత్త మనిషి చప్పుడు చేయకుండా నడచి వెళ్తే కుక్క కూడా మొరగదు. రక్షక కణాలు దానిని పెద్దగా పట్టించుకోవు. అందువల్ల ప్రతిజనకంతో పాటు గంట కొట్టే తోడు ఒకటి కావాలి. ఆ తోడునే సహాయకం అంటారు. శాస్త్రజ్ఞుల భాషలో దాని పేరు ఎడ్జువెంట్. 'సాయం చేయడం' అనే అర్థం గల లాటిన్ మాట నుండి ఆ పేరు వచ్చింది.

గుర్రాలు, కర్రపెండలం పిండి

ఈ సంగతి మొదట బయటపడింది గుర్రాల వల్ల. 1920 ప్రాంతాలలో డిఫ్తీరియా, అనగా కంఠసర్పి, పిల్లల ప్రాణాలు తీసే భయంకర వ్యాధి. దానికి విరుగుడును గుర్రాల రక్తం నుండి తీసేవారు. ఫ్రాన్సులో పాశ్చర్ సంస్థకు చెందిన గాస్టన్ రామన్ అనే పశువైద్యుడు ఒక వింత గమనించాడు. సూది వేసిన చోట వాపు, గడ్డ వచ్చిన గుర్రాల రక్తంలో విరుగుడు ఎక్కువగా ఉంటున్నది. అయితే కావాలనే కొంచెం వాపు తెప్పిస్తే ఎలా ఉంటుంది? 1925లో ఆయన ప్రతిజనకంతో పాటు కర్రపెండలం పిండి, రొట్టె పొడి వంటి వాటిని కలిపి చూశాడు. కర్రపెండలం పిండి అంటే మన సగ్గుబియ్యం తయారయ్యే పిండే. విరుగుడు నిజంగానే పెరిగింది!

మరుసటి సంవత్సరం, 1926లో, లండనులో అలెగ్జాండర్ గ్లెనీ అనే శాస్త్రజ్ఞుడు తన తోటివారితో కలిసి డిఫ్తీరియా ప్రతిజనకానికి పటిక కలిపాడు. బిందెలో మట్టి దిగినట్లే ప్రతిజనకం తెల్లని అవక్షేపంగా దిగింది. దానిని గినీ పందులకు ఇచ్చి చూస్తే, మామూలు ద్రావణం కంటే అది బాగా పనిచేసింది. నేడు నేరుగా పటికను వాడరు. అల్యూమినియం హైడ్రాక్సైడు, అల్యూమినియం ఫాస్ఫేటు అనే రెండు జిగురు పదార్థాలను ముందే తయారు చేసుకొని, వాటికి ప్రతిజనకాన్ని అంటిస్తారు. నూరు సంవత్సరాలు కావస్తున్నా ఇవే ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

అంటుకోవడం ఎలా?

దువ్వెనతో పొడి జుట్టును దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. విద్యుదావేశాల ఆకర్షణే అందుకు కారణం. చెరువు నీటిలోని సన్నని బంకమట్టి రేణువులకు ఋణావేశం ఉంటుంది. అవి ఒకదానినొకటి నెట్టుకుంటాయి కనుక అడుగుకు దిగవు. పటిక నీళ్ళలో కరిగి, అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టుగా మారుతుంది. దాని మీద ధనావేశం. మట్టి రేణువులు వచ్చి దానికి అంటుకుంటాయి, బరువెక్కి దిగిపోతాయి. ఇలా ఒక పదార్థపు ఉపరితలానికి మరొకటి అంటుకోవడాన్ని అధిశోషణం అంటారు. స్పంజి నీటిని పీల్చుకొన్నట్లు కాదు, గోడకు సున్నం అంటుకొన్నట్లు అని గుర్తుపెట్టుకోండి.

టీకా సీసాలోనూ ఇదే జరుగుతుంది. ప్రోటీన్ల మీద కూడా ఆవేశం ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొనలో ఎక్కువగా ఉండే ఓవాల్బుమిన్ అనే ప్రోటీనుకు తటస్థ ద్రావణంలో ఋణావేశం. కాబట్టి అది ధనావేశం గల అల్యూమినియం హైడ్రాక్సైడుకు చక్కగా అంటుకుంటుంది. అదే తెల్లసొనలో లైసోజైము అనే మరో ప్రోటీను ఉన్నది. దానికి ధనావేశం. ఇది హైడ్రాక్సైడుకు అంటుకోదు, ఋణావేశం గల అల్యూమినియం ఫాస్ఫేటుకు అంటుకుంటుంది. అంటే ఏ ప్రతిజనకానికి ఏ సహాయకం జోడీ అన్నది టీకా చేసేవారు ముందే చూసుకోవాలి. పెళ్ళి సంబంధం వంటిదే!

మరో రకం బంధం కూడా ఉన్నది. ప్రతిజనకంలో ఫాస్ఫేటు ఉంటే, అది అల్యూమినియం మీది హైడ్రాక్సిల్‌ను పక్కకు నెట్టి ఆ స్థానంలో తానే కూర్చుంటుంది. ఇది చాలా గట్టి పట్టు. హెపటైటిస్ బి ప్రతిజనకం అల్యూమినియం హైడ్రాక్సైడును ఇలాగే పట్టుకుంటుంది.

ప్రోటీను బలం దాని మడతలో ఉన్నది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అంటుకున్న తరువాత ప్రోటీను క్షేమంగా ఉంటుందా?

ప్రోటీను ఒక పొడవైన గొలుసు. అమైనో ఆమ్లాలు అనే పూసలతో కూర్చిన దండ. ఈ దండ ఎలా పడితే అలా పడి ఉండదు. ప్రతి ప్రోటీనుకూ ఒక నిర్ణీతమైన మడత ఉంటుంది. తలపాగా చుట్టినప్పుడే తలపాగా. చుట్టు విప్పితే ఉత్త గుడ్డ. ప్రతిరక్షకాలు ఆ మడతను, దాని మీది ఎత్తుపల్లాలను చూసి గుర్తుపడతాయి. మడత విడిపోయిన ప్రోటీనును చూపించి శరీరానికి పాఠం చెబితే, అసలు క్రిమి వచ్చినప్పుడు శరీరం దానిని పోల్చుకోలేకపోవచ్చు. తప్పు ఫోటో చూపి దొంగను పట్టుకోమన్నట్లు అవుతుంది.

మడత విడిపోవడం మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. గుడ్డు ఉడికించినప్పుడు తేటగా ఉన్న సొన తెల్లగా గట్టిపడుతుంది. వేడికి ప్రోటీన్ల మడతలు విడి, ఒకదానితో ఒకటి చిక్కుపడిపోతాయి. చల్లార్చినా మళ్ళీ తేటసొన కాదు.

2005లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మూడు ప్రోటీన్లను తీసుకొని పరీక్షించారు. రెండు ఇందాక చెప్పిన ఓవాల్బుమిన్, లైసోజైము. మూడవది ఆవు రక్తంలోని ఆల్బుమిన్. వీటిని ఉత్త ద్రావణంలో ఉంచి వేడిచేశారు. అల్యూమినియం లవణాలకు అంటించి వేడిచేశారు. అంటుకున్న ప్రోటీన్లు తక్కువ వేడికే మడత విప్పుకున్నాయి. అంటే రక్షక కణాలను పిలిచే తోడే, ప్రోటీను నిలకడను కొంత తగ్గించిందన్న మాట!

ఎందుకు ఇలా జరుగుతుంది? రెండు కారణాలు తెలుసుకోండి.

మొదటిది పట్టు. ఉపరితలం ప్రోటీనును అనేక చోట్ల పట్టి లాగుతుంది. చుట్టిన తలపాగా కొసను మేకుకు తగిలించినట్లే. పట్టు ఎంత గట్టిదైతే లాగుడు అంత ఎక్కువ.

రెండవది చుట్టూ ఉన్న నీరు. సీసాలోని ద్రావణం తటస్థంగా ఉన్నా, ధనావేశం గల అల్యూమినియం హైడ్రాక్సైడు ఉపరితలానికి ఆనుకొని ఉన్న పలుచని నీటి పొరలో క్షారగుణం ఎక్కువ. ఆ పొర పి.హెచ్. విలువ బయటి ద్రావణం కంటే సుమారు 2 అంకెలు పైన ఉండగలదు. క్షారంలో కొన్ని అమైనో ఆమ్లాలు నెమ్మదిగా మారిపోతాయి. ఉదాహరణకు ఆస్పరజిన్ అనే పూస తన అమ్మోనియాను కోల్పోయి వేరే పూస అవుతుంది. నెలల తరబడి నిల్వ ఉంచే టీకాలో ఈ చిన్న మార్పు కూడా లెక్కలోకి వస్తుంది.

దీనికి మందు కూడా శాస్త్రజ్ఞులే కనిపెట్టారు. ద్రావణంలో తగినంత ఫాస్ఫేటు కలిపితే జెల్ మీది ధనావేశం తగ్గుతుంది. క్షారపు పొర మెత్తబడుతుంది, పట్టు కూడా కొంచెం సడలుతుంది. వంటలో ఉప్పు వేసినట్లు, ఇది మోతాదు తెలిసి చేయవలసిన పని. ఫాస్ఫేటు మరీ ఎక్కువైతే ప్రోటీను జెల్‌ను విడిచి బయటికి వచ్చేస్తుంది.

అయితే అన్ని ప్రోటీన్లూ ఒకే తీరుగా ప్రవర్తించవు. కొన్నిటి నిలకడ జెల్ మీద తగ్గుతుంది, కొన్నిటిది అంతగా మారదు. అందుకే ప్రతి కొత్త టీకాకూ ఈ పరీక్షలు మొదటినుండి చేయవలసిందే.

హైదరాబాదు టీకాలు

ఈ పరిశ్రమ మనకు ఎక్కడో దూరంలో లేదు. ప్రపంచంలో అత్యధికంగా టీకాలు తయారయ్యే నగరాలలో హైదరాబాదు ఒకటి.

హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు విదేశాల నుండి వచ్చేది. ఖరీదు సామాన్యులకు అందేది కాదు. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించారు. 1997లో ఆ సంస్థ 'షాన్‌వాక్-బి' అనే టీకాను విడుదల చేసింది. జన్యు మార్పిడి పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అదే. వైరస్ పైపొర ప్రోటీనును ఈస్టు కణాల చేత తయారు చేయించి, శుద్ధి చేసి, అల్యూమినియం హైడ్రాక్సైడుకు అంటించారు.

కోవిడ్ కాలంలో హైదరాబాదు నుండి వచ్చిన రెండు టీకాలను పోల్చి చూడండి. భారత్ బయోటెక్ సంస్థ పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి చేసిన కోవాక్సిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి వచ్చింది. ఇందులో చంపిన పూర్తి వైరస్ ఉంటుంది, మోతాదుకు 6 మైక్రోగ్రాములు. 1953లో ప్రారంభమైన బయలాజికల్ ఇ సంస్థ తయారు చేసిన కోర్బెవాక్స్‌కు 2021 డిసెంబరు 28న అనుమతి వచ్చింది. ఇందులో ఉన్నది వైరస్ కొమ్ములోని ఒక ముక్క ప్రోటీను మాత్రమే. దానిని కూడా ఈస్టు చేతనే తయారు చేయించారు. 2022 మార్చి 16 నుండి 12-14 ఏళ్ళ పిల్లలకు దీనిని ఇచ్చారు. మీ ఇంట్లో అన్నయ్యలు, అక్కయ్యలు వేయించుకొని ఉంటారు, అడిగి చూడండి.

కోర్బెవాక్స్ అర మిల్లీలీటరు మోతాదులో ప్రోటీను 25 మైక్రోగ్రాములు. లెక్క వేయండి: ఒక్క గ్రాము ప్రోటీనుతో 40,000 మోతాదులు! అల్యూమినియం మాత్రం 750 మైక్రోగ్రాములు, అంటే ప్రోటీనుకు 30 రెట్లు. దీనికి తోడు మరో సహాయకం కూడా 750 మైక్రోగ్రాములు ఉన్నది. అది కృత్రిమంగా తయారు చేసిన చిన్న డి.ఎన్.ఎ. ముక్క. బాక్టీరియా డి.ఎన్.ఎ. లాగా కనిపించి రక్షక కణాలను మేల్కొలుపుతుంది. డి.ఎన్.ఎ. వెన్నెముకలో ఫాస్ఫేటులు ఉంటాయని మీరు చదివారు కదా. ఇందాకటి పాఠం ప్రకారం అది కూడా జెల్‌కు అంటుకోగలదు. అప్పుడు ఒకే పీట మీద ఇద్దరు కూర్చోవలసి వస్తుంది. ఎవరిని ముందు కూర్చోబెట్టాలి, ఎవరికి ఎంత చోటు ఇవ్వాలి అన్నది తయారీదారు తేల్చుకోవాలి.

పశువుల కథ కూడా ఇదే. 1982లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ హైదరాబాదులో స్థాపించిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ గాలికుంటు వ్యాధికి టీకా తయారు చేస్తుంది. గాలికుంటు టీకాలలో అల్యూమినియం జెల్‌తో చేసేవి, నూనెతో చేసేవి అని రెండు రకాలు ఉన్నాయి. ఆ వైరస్ గుల్ల ఒక బంతి వంటిది. వేడి తగిలినా, ద్రావణం కొంచెం పుల్లబడినా ఆ బంతి 12 ముక్కలుగా విడిపోతుంది. ముక్కలకు బంతికి ఉన్నంత ప్రతిజనక శక్తి లేదు. మీ కొట్టంలో గేదెకు వేసే సూది వెనుక కూడా ఈ నిలకడ సమస్యే ఉన్నది.

బోధన్ చక్కెర చేసే సాయం

ప్రోటీను మడతను కాపాడే వస్తువు ఒకటి మన జిల్లా పిల్లలకు బాగా పరిచయమైనదే. అదే చక్కెర! బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పేరు వినని వారు మన దిక్కు ఉండరు. 2015లో ఆ మిల్లు మూతపడినా, చెరకు, చక్కెర మాటలు ఈ నేల మీద నిలిచే ఉన్నాయి. చెరకులోని చక్కెర పేరు సుక్రోజు. చాలా టీకాలలో సుక్రోజు, ట్రెహలోజు, సార్బిటాల్ వంటి తీపి పదార్థాలను రుచి కోసం కాదు, రక్షణ కోసం కలుపుతారు.

ఎలా కాపాడుతుంది? చక్కెర అణువులు నీటితో కలిసి ఉండడానికే ఇష్టపడతాయి, ప్రోటీను ఉపరితలానికి కాస్త దూరంగా ఉంటాయి. మడత విడితే ప్రోటీను ఉపరితలం పెరుగుతుంది. చక్కెర నీటిలో అలా పెరగడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. కనుక ప్రోటీను ముడుచుకొని ఉండడానికే మొగ్గుతుంది. చలికాలం తెల్లవారుజామున మీరు కాళ్ళు కడుపులోకి ముడుచుకొని పడుకోరూ? అలాగే.

వేడి కంటే చలి ప్రమాదం!

ఇప్పుడు మన ఊరి సంగతి. హైదరాబాదు నుండి నిజామాబాదు జిల్లా నిల్వ కేంద్రానికి, అక్కడినుండి సిరికొండ వంటి మండలాల ఆరోగ్య కేంద్రాలకు, అక్కడినుండి ఏ.ఎన్.ఎం. చేతి పెట్టెలో తండాలకు, గూడేలకు టీకా ప్రయాణం చేస్తుంది. దారి పొడవునా దానిని 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచాలి. నిజామాబాదులో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. కాబట్టి అందరికీ వేడి అంటేనే భయం. "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది" అనుకుంటారు. అల్యూమినియం కలిసిన టీకాల విషయంలో ఇది పూర్తిగా తప్పు.

టీకా గడ్డకట్టినప్పుడు ఏమవుతుందో చూడండి. నీరు స్వచ్ఛమైన మంచు స్ఫటికాలుగా మారుతుంది. జెల్ రేణువులకు ఆ స్ఫటికాలలో చోటు లేదు. స్ఫటికాలు పెరుగుతున్న కొద్దీ రేణువులను మిగిలిన సందుల్లోకి నెట్టి అదుముతాయి. సంతలో జనం నడుమ ఇరుక్కున్నట్లు అవి ఒకదానికొకటి అతుక్కొని పెద్ద ముద్దలవుతాయి. మంచు కరిగినా ముద్దలు విడిపోవు. ముద్ద లోపల ఇరుక్కున్న ప్రతిజనకం రక్షక కణాలకు సరిగా అందదు. టీకా శక్తి పోతుంది. ఇందుకు డీప్ ఫ్రీజరే కావాలని లేదు. సున్నా డిగ్రీల కంటే కొంచెం కిందికి దిగినా హెపటైటిస్ బి టీకా గడ్డకట్టవచ్చు. వేడిని కొంతవరకు బాగానే తట్టుకోగల ఈ టీకా చలికి మాత్రం ఓడిపోతుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. సీసా లేబులు మీదగాని, మూత మీదగాని ఒక వలయం, దాని నడుమ ఒక చతురస్రం కనిపిస్తాయి. లోపలి చతురస్రం బయటి వలయం కంటే లేత రంగులో ఉన్నంతవరకు వాడవచ్చు. రెండూ ఒకే రంగులోకి వస్తే పారవేయాలి. కాని ఈ గుర్తు వేడిని మాత్రమే లెక్కపెడుతుంది. గడ్డకట్టి కరిగిన టీకా మీద చతురస్రం తెల్లగా, నిక్షేపంగా కనిపిస్తుంది! అటువంటి సీసా నుండి సూది వేస్తే బిడ్డ ఏడుస్తుంది, కార్డు మీద టిక్కు పడుతుంది, తల్లి నిశ్చింతగా ఇంటికి వెళ్తుంది. రక్షణ మాత్రం కలగదు. నష్టం ఏళ్ళ తరువాత గాని బయటపడదు.

అందుకే ఆరోగ్య కేంద్రంలో కొన్ని నియమాలు ఉన్నాయి. ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్ అడుగున చలి ఎక్కువ కనుక అల్యూమినియం టీకాలను అడుగున పెట్టరు. ఫ్రీజరు నుండి తీసిన ఐస్‌ప్యాకులను వెంటనే టీకా పెట్టెలో సర్దరు. బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించినప్పుడే సర్దుతారు. ఊరికే ఆలస్యం చేస్తున్నారని అనుకోకండి. ఆ కాసేపట్లో ఎందరో పిల్లల రక్షణ ఉన్నది.

ఊపి చూసే పరీక్ష

సీసా గడ్డకట్టిందేమోనని అనుమానం వస్తే ఏం చేయాలి? దీనికి యంత్రం అక్కరలేదు, కళ్ళు చాలు. అదే రకం, అదే బ్యాచి టీకా సీసా ఒకటి తీసుకొని కావాలనే రాత్రంతా ఫ్రీజరులో గడ్డకట్టించి, కరిగిస్తారు. దానిమీద గుర్తు పెడతారు. అది, అనుమానపు సీసా రెండింటినీ ఒకే చేతిలో పట్టుకొని 10-15 సెకన్లు బాగా ఊపి, బల్ల మీద పక్కపక్కన నిలిపి అర్ధగంట వరకు గమనిస్తారు. గడ్డకట్టిన సీసాలో ముద్దలు బరువుగా ఉంటాయి కనుక త్వరగా అడుగుకు దిగి, పైన తేట నీరు నిలుస్తుంది. మంచి సీసా చాలాసేపు పాలనీళ్ళలా మబ్బుగానే ఉంటుంది. అనుమానపు సీసా కూడా గడ్డకట్టిన దానంత వేగంగా తేరితే పారవేయవలసిందే. బిందెలో నీళ్ళు తేరితే సంతోషం, టీకా సీసా తేరితే నష్టం!

చేసి చూడండి

1. అర గ్లాసు నీళ్ళలో అర చెంచా పటిక పొడి కరిగించండి. మరో గ్లాసులో బట్టలుతికే సోడాను కొద్ది నీళ్ళలో కరిగించి, దానిని పటిక నీళ్ళలోకి కొద్దికొద్దిగా పోయండి. బుడగలు వచ్చి తెల్లని మెత్తని తెట్టు ఏర్పడుతుంది. దీనిని రెండు చిన్న ప్లాస్టిక్ సీసాలలో ముప్పాతిక వంతు వరకు పోసి, ఒకదానిని రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి. మరునాడు పూర్తిగా కరిగిన తరువాత రెండింటినీ ఒకేసారి ఊపి నిలపండి. ఏది ముందు తేరుతుంది? గడియారం చూసి నిమిషాలు రాసుకోండి. సీసాల మీద "తాగరాదు" అని తప్పక రాయండి. చిన్నపిల్లలకు అందనివ్వకండి.

2. రెండు పరీక్ష నాళికలు తీసుకోండి. ఒక్కొక్కదానిలో రెండు చెంచాల తెల్లసొన పోయండి. ఒకదానిలో రెండు చెంచాల నీరు, రెండవదానిలో రెండు చెంచాల చిక్కని చక్కెర పాకం చల్లార్చి కలపండి. రెండింటినీ ఒకే నీటి పాత్రలో నిలిపి, పెద్దవారి సమక్షంలో నెమ్మదిగా వేడిచేయండి. పాత్రలో ఉష్ణమాపకం ఉంచండి. ఏ నాళికలో సొన ఏ ఉష్ణోగ్రత దగ్గర తెల్లబడిందో పట్టికలో రాయండి. చక్కెర ఉన్నది ఆలస్యంగా తెల్లబడుతుంది. ఎందుకో పైన చదివిన దానితో వివరించండి.

ఆలోచించండి

1. సూదితో వేసే పోలియో టీకా కూడా గడ్డకడితే చెడిపోతుంది. అందులో అల్యూమినియం లేదు. దానికి ఊపి చూసే పరీక్ష పనికివస్తుందా?

2. ఒక ప్రోటీనుకు తటస్థ ద్రావణంలో ధనావేశం ఉన్నది. దానికి ఏ అల్యూమినియం లవణం జోడీ?

3. టి.డి. సూదిమందును మందుల అంగడిలో కొని తెచ్చిన మీ చిన్నాన్న "చల్లగా ఉండాలి కదా" అని దానిని ఫ్రిజ్‌లో మంచు కట్టే అరలో పెట్టబోతున్నాడు. ఏ అరలో పెట్టాలి? ఎందుకని ఆయనకు ఎలా చెబుతారు?

మూడవ ప్రశ్నకు జవాబును మీ నోటుపుస్తకంలో రాసి ఊరుకోకండి, ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి. అడిగిన దానికల్లా జవాబు చెప్పగలిగారంటే పాఠం మీకు వచ్చినట్లే.